తిట్టేవాడు మాట దాస్తాడు: మెన్షన్ల వడపోతకు సొంత స్క్రిప్టు

హైదరాబాద్‌లో గట్టి వాన పడిన సాయంత్రం ఎక్స్‌లో ఏదో ఒక ఫిర్యాదు పోస్టు తీసి చూడండి. మోకాలి లోతు నీళ్ల ఫొటో, పక్కన రెండు ముక్కలు, కింద ట్యాగుల బారు: జీహెచ్‌ఎంసీ, జలమండలి, ట్రాఫిక్ పోలీసులు, హైడ్రా, విద్యుత్ సంస్థ, స్థానిక ఎమ్మెల్యే, ఇద్దరు ముగ్గురు జర్నలిస్టులు, వాన లెక్కలు పెట్టే ఒక ఔత్సాహికుడు, చివర్లో కాలనీ సంఘం అకౌంటు. ఆ పోస్టు కింద ఎవరు ఏం రాసినా ఈ పేర్లన్నీ వాటంతట అవే జవాబులోకి వచ్చేస్తాయి. పదో జవాబు దగ్గరికి నాలా సంగతి పోయి పార్టీల గొడవ మొదలవుతుంది. ఆ తర్వాత తిట్టుకునేది ఇద్దరే. ఫోన్లు మాత్రం బారులో ఉన్న అందరివీ మోగుతూనే ఉంటాయి.

ఇలా పోస్టులో మన పేరు ట్యాగ్ చేసి పిలవడమే మెన్షన్. అక్కర్లేని మెన్షన్లలో ఇది ఒక రకం మాత్రమే. ఇంకొందరికి పేరు పోలికతో వచ్చి పడతాయి. హ్యాండిల్, అంటే అకౌంటు పేరు, పొట్టిగా ఉండి, ఏ హీరో పేరుకో సంస్థ పేరుకో దగ్గరగా ఉంటే చాలు, ఆయనకు చేరాల్సిన పొగడ్తా తిట్టూ మీకే వస్తాయి. పార్ట్‌టైమ్ ఉద్యోగం, లోన్ యాప్, క్రిప్టో అంటూ ముక్కూ మొహం తెలియని అకౌంట్లు ఒకేసారి యాభై మందిని ట్యాగ్ చేసి పోతుంటాయి. సినిమా విడుదల వారంలో అభిమానుల యుద్ధాలుంటాయి, ఒకే వాక్యాన్ని వందలమంది కాపీ చేసి ఒకరి మీద కుమ్మరిస్తారు. చివరిగా, ఒక మనిషిని పట్టుకుని వదలకుండా వేధించే రకం. అయిదింటికీ మందు ఒకటి కాదు. ఏదో ఒక బూతుల జాబితా పెట్టేస్తే అన్నీ ఆగిపోతాయనుకోవడం దగ్గరే చాలా సొంత స్క్రిప్టులు చతికిలబడతాయి.

ముందుగా ఒక సంగతి స్పష్టంగా అనుకోవాలి. మెన్షన్ పుట్టేది వాళ్ల ఫోన్లో, నమోదయ్యేది కంపెనీ సర్వర్లో. దాన్ని పుట్టకుండా ఆపే స్క్రిప్టు లేదు. మన చేతిలో ఉన్నది అది మన కంటపడాలా, ఎప్పుడు పడాలి అన్నదే. అలాగే, వాళ్లు రాసింది మిగతా లోకానికి కనిపిస్తూనే ఉంటుంది. మీ పరువు తీస్తూ ఎవరైనా రాస్తే, మీ తెరమీద దాన్ని దాచినంత మాత్రాన అది పోయినట్టు కాదు.

సెట్టింగుల్లోనే అయ్యేవి

కోడ్ రాయడం మొదలుపెట్టే ముందు సెట్టింగులు ఒకసారి తిరగేయండి. ట్విట్టర్‌గా ఉన్న రోజుల్లోనే, 2014లో మ్యూట్ వచ్చింది, 2016లో మాటల్ని మ్యూట్ చేసే వీలు వచ్చింది, 2020లో మన పోస్టుకు ఎవరు జవాబివ్వొచ్చో మనమే నిర్ణయించే వీలు వచ్చింది. 2022 జులై నుంచి ఒక సంభాషణలోంచి మన పేరును తప్పించుకోవచ్చు. వాన సాయంత్రపు బారుకు ఇది సరిగ్గా సరిపోయే మందు, కానీ ఒక్కో సంభాషణకూ వెళ్లి నొక్కాలి. ఫాలో కానివాళ్లు, కొత్త అకౌంట్లు, ఫోన్ నంబరు ధ్రువీకరించనివాళ్లు అంటూ నోటిఫికేషన్లను వడగట్టే గడులు కూడా అక్కడే ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే మిమ్మల్ని ఎవరు మెన్షన్ చేయొచ్చో నేరుగా ఎంచుకోవచ్చు: అందరూ, మీరు ఫాలో అయ్యేవాళ్లు, ఎవ్వరూ వద్దు. చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది. అయిపోతే స్క్రిప్టు రాయకండి, ఆదివారం మిగులుతుంది.

స్క్రిప్టు అవసరం పడేది 'ఫాలో కానివాళ్లంతా వద్దు' అనలేని వాళ్లకి. కాలనీ సంఘం అకౌంటు నడిపేవాళ్లు, జర్నలిస్టులు, డాక్టర్లు, చిన్న దుకాణం పెట్టుకున్నవాళ్లు. వీళ్లకు ముక్కూ మొహం తెలియనివాళ్లే ముఖ్యం. తలుపు మూసేస్తే పని ఆగిపోతుంది, తెరిచి ఉంచితే తల వాచిపోతుంది. కంపెనీ పెట్టిన మీటలు అవును, కాదు అని మాత్రమే అడుగుతాయి. వీళ్లకు కావాల్సింది 'ఇప్పుడు కాదు, సాయంత్రం చూస్తా' అన్న మూడో గడి.

ఏపీఐ ఎక్కడ దొరుకుతుంది

స్క్రిప్టు పని చేయాలంటే కంపెనీ తన సర్వర్‌తో ప్రోగ్రామ్ మాట్లాడే దారి, అంటే ఏపీఐ, ఇవ్వాలి. ఒకప్పుడు ట్విట్టర్ ఏపీఐ ఉచితం. విద్యార్థులు కూడా తనంతట తానే పని చేసుకుపోయే ప్రోగ్రామ్‌ను, అంటే బాట్‌ను, ఒక రాత్రిలో రాసేసేవారు. 2023 ఫిబ్రవరిలో ఉచితం ఆపేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. మార్చిలో వచ్చిన కొత్త ప్లాన్లలో ఉచిత అంచె దాదాపుగా పోస్టులు వేయడానికే పనికొచ్చింది. మెన్షన్లు చదవాలంటే నెలకు 100 డాలర్ల ప్లాన్ తీసుకోవాల్సి వచ్చింది, తర్వాత ఆ ధర ఇంకా పెరిగింది. తిట్లు చదవకుండా ఉండటానికి నెలకు ఎనిమిది వేల రూపాయలు పైబడి కట్టడం మనవల్ల అయ్యే పని కాకపోయింది.

ట్విట్టర్ లాంటిదే అయిన మాస్టోడాన్‌లో, 2016లో అది మొదలైనప్పటి నుంచీ దారి తెరిచే ఉంది. సెట్టింగుల్లో డెవలప్‌మెంట్ పేజీకి వెళ్లి కొత్త అప్లికేషన్ అని నొక్కితే టోకెన్, అంటే స్క్రిప్టుకు ఇచ్చే తాళంచెవి లాంటి రహస్య కోడు, చేతికొస్తుంది. నోటిఫికేషన్లు చదవడం, వాటిని తీసేయడం రెండూ చేయొచ్చు. మామూలు సర్వర్‌లో ఒక అకౌంటుకు అయిదు నిమిషాలకు 300 అభ్యర్థనల వరకు అనుమతి, సొంత వాడకానికి అది ధారాళం. 2024 ఫిబ్రవరిలో అందరికీ తెరుచుకున్న, అదే తరహా సైటు బ్లూస్కై కూడా అంతే. అసలు పాస్‌వర్డ్ ఇవ్వకుండా యాప్ పాస్‌వర్డ్ ఒకటి పుట్టించుకుని స్క్రిప్టుకు ఇవ్వొచ్చు. వచ్చినది మెన్షనా, జవాబా, కోట్ పోస్టా అన్నది అక్కడ సర్వరే విడదీసి చెబుతుంది. టెలిగ్రామ్‌లో బాట్లు పుట్టించి ఇచ్చే బాట్‌ఫాదర్ దగ్గర ఒక బాట్ తయారుచేసి గ్రూపుకు అడ్మిన్‌గా పెడితే అది ప్రతి సందేశాన్నీ చదవగలదు, తీసేయగలదు. వాట్సాప్ సొంత నంబరుకు అలాంటి అధికారిక దారి లేదు. దొంగదారి లైబ్రరీలు దొరుకుతాయి కానీ వాటిని వాడితే నంబరే నిషేధానికి గురయ్యే ప్రమాదం ఉంది. బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరు మీదే నడుస్తున్నప్పుడు ఆ సరదా వద్దు.

చిక్కేమిటంటే, తెలుగువాళ్లు గుంపుగా ఉన్నచోట ఉచిత దారి మూసుకుపోయింది, దారి తెరిచి ఉన్నచోట తెలుగువాళ్లు పలచగా ఉన్నారు. ఎక్స్ మీద ఖర్చు లేకుండా ఏదైనా చేయాలంటే మిగిలింది బ్రౌజర్. 2005లో ఫైర్‌ఫాక్స్ కోసం గ్రీజ్‌మంకీ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, వచ్చింది. వేరేవాళ్ల వెబ్ పేజీ మీద వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్టులో మన సొంత కోడ్ నడిపే పద్ధతి దానితో జనంలోకి వచ్చింది. ఇప్పుడు టాంపర్‌మంకీ, వయొలెంట్‌మంకీ అదే పని చేస్తున్నాయి. నోటిఫికేషన్ల పేజీలో కొత్త పోస్టు ఎక్కిన ప్రతిసారీ మన కోడ్ దాన్ని చదివి, అక్కర్లేదనిపిస్తే కప్పేస్తుంది. ఖర్చు లేదు, ఏ టోకెనూ అక్కర్లేదు. కానీ సైటు లోపలి నిర్మాణం మారిన రోజున కోడ్ మూగబోతుంది, మళ్లీ సరిచేసుకోవాలి. పైగా ఫోన్లోని యాప్‌ను అది తాకలేదు. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ వాడితే అక్కడ కూడా ఇలాంటి ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవచ్చు.

ఏ దారిలో వెళ్లినా మొదట్లోనే ఒక పని చేయాలి, దీన్ని చాలామంది ఆఖర్న కనుక్కుంటారు. ఫోన్ యాప్‌లో నోటిఫికేషన్లు పూర్తిగా ఆపేయాలి. స్క్రిప్టు అయిదు నిమిషాలకోసారి లేచి చూస్తుంది, కంపెనీ పంపే గంట మాత్రం ఆ క్షణంలోనే మోగుతుంది. దాచే లోపే మీరు చదివేసి ఉంటారు, బీపీ పెరిగిపోయి ఉంటుంది. కాబట్టి వరస తిరగేయాలి. యాప్ నోరు నొక్కేసి, చూడదగ్గవి ఏరి పంపే బాధ్యత స్క్రిప్టుకే ఇవ్వాలి. టెలిగ్రామ్ బాట్ ద్వారా మీకు మీరే సందేశం పంపించుకోవడం ఇందుకు తేలిక దారి. అప్పుడు స్క్రిప్టు చేసే పని చెత్త ఏరడం కాదు, మంచివి తెచ్చి ఇవ్వడం. పని ఇలా మారితే కోడ్ రాసే పద్ధతి కూడా మారుతుంది, అది కింద చూద్దాం.

పందికీ పందిరికీ తేడా తెలియని కోడ్

ఎవరైనా మొదట రాసేది మాటల జాబితా. ఫలానా మాట ఉంటే దాచెయ్ అని. ఇంగ్లిష్‌లోనే ఇది సగం సగం పని చేస్తుంది. తెలుగులో ఏమవుతుందో చూడండి.

జాబితాలో 'పంది' అని పెట్టారనుకుందాం. మాట ఎక్కడ కనిపించినా పట్టుకో అని చెబితే, 'అధికారులు వెంటనే స్పందించారు' అన్న వాక్యం మాయమైపోతుంది. స్పందించారు లోపల పంది ఉంది మరి. పెళ్ళి పందిరీ పోతుంది, పందిట్లో జరిగిన భోజనాలూ పోతాయి. 'కుక్క' అని పెడితే ప్రెషర్ కుక్కర్ పోతుంది. 'దున్న' అని పెడితే ఇంకా తమాషా: 'చార్మినార్ ముందున్న కేఫ్' అని రాసినవాడు దోషి అవుతాడు. ముందున్న, కిందున్న, హద్దున్న, వాక్యాల్లో ఇలాంటివి అడుగడుగునా తగులుతాయి. దీనికి తోడు, కంప్యూటర్ దృష్టిలో హల్లు చివరి 'అ'కు విడిగా గుర్తు లేదు. గుణింతమైతే హల్లు తర్వాత మరో గుర్తు చేరుతుంది. అందువల్ల 'దున్న' కోసం వెతికితే దున్నుతున్నారు, దున్నిన, దున్నే అన్నీ దొరుకుతాయి. పొలం కబుర్లు చెప్పుకునే రైతు పిల్లలంతా వడపోతలో చిక్కుకుంటారు.

సరే, మాట విడిగా ఉంటేనే పట్టుకో అని చెబుదాం అనుకుంటారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అందుకు పదం హద్దును సూచించే గుర్తు ఒకటి ఉంది, దాన్ని మాటకు అటూ ఇటూ పెడతారు. ఇక్కడే అసలు వినోదం. పైథాన్‌తో వచ్చే, మాటలు వెతికిపెట్టే ఆర్‌ఈ అనే మాడ్యూల్ అక్షరాలనీ అంకెలనీ మాత్రమే పదంలో భాగంగా లెక్కేస్తుంది. మన గుడి, కొమ్ము, పొల్లు, సున్న దాని లెక్కలో అక్షరాలు కావు. 'స్పందించారు' అన్న మాటను దానికిచ్చి పదాలు విడదీయమంటే స, ప, ద, చ, ర అని అయిదు ముక్కలు చేతిలో పెడుతుంది. అలాగే హద్దులతో 'పంది' అని వెతికితే విడిగా ఉన్న పంది దొరకదు. ఎందుకంటే మాట చివర ఉన్న గుడి దానికి పదంలో భాగం కాదు, ఆ తర్వాతి ఖాళీ కూడా కాదు, కాబట్టి ఆ రెంటి మధ్యా హద్దు లేదు. పందిరిలో అయితే గుడి తర్వాత 'ర' అనే అక్షరం వస్తుంది కనుక అక్కడ హద్దు ఉన్నట్టు లెక్క. తేలిందేమిటంటే, తిట్టు దాటిపోతుంది, పెళ్ళి పందిరి పట్టుబడుతుంది. జావాస్క్రిప్టులో మరీ ఘోరం. ఆ హద్దు గుర్తుకు రోమన్ అక్షరాలు తప్ప ఇంకేమీ తెలియదు.

దీనికి విరుగుడు ఉంది. పైథాన్‌లో రీజెక్స్ అనే వేరే మాడ్యూల్ వేసుకుంటే గుణింతపు గుర్తుల్ని కూడా పదంలో కలిపే చూస్తుంది. అదీ వద్దనుకుంటే ఖాళీల దగ్గరా విరామ చిహ్నాల దగ్గరా వాక్యాన్ని కోసి, ఒక్కో మాటను పోల్చుకోవచ్చు. కానీ అప్పుడు మన భాష ఇంకో పేచీ పెడుతుంది. వెధవ ఒక్కడే రాడు. వెధవా, వెధవలు, వెధవల్ని, వెధవలకి, వెధవల్లారా అంటూ విభక్తులన్నీ వెంటబెట్టుకుని వస్తాడు. పూర్తి మాటను పోలిస్తే ఇవన్నీ దాటిపోతాయి, మొదలును మాత్రమే పోలిస్తే పందిరి మళ్లీ పట్టుబడుతుంది. అడ్డదారి ఒకటే. మొదలు కలిసి, మిగిలిన తోక లు, లా, ని, కి, తో లాంటి పొట్టి జాబితాలో ఉంటేనే పట్టుకోవాలి. ముప్ఫై నలభై తోకలు రాసుకుంటే చాలావరకు కుదురుతుంది.

కంటికి కనపడని చిక్కు మరొకటి. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'ట్' పక్కన 'వ' ఒత్తుగా మారకుండా మధ్యలో ఒక కనపడని గుర్తు పెడతాం. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. తెరమీద దాదాపు ఒకేలా కనిపించే రెండు మాటలు కంప్యూటర్‌కు వేర్వేరు. తిట్టేవాళ్లు దీన్ని కావాలనే మాట మధ్యలో దూర్చగలరు కూడా. అలాగే 'ఐ'త్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు. పోల్చే ముందు వచ్చిన పాఠాన్ని యూనికోడ్ నార్మలైజేషన్ చేసి, అంటే ఒకే అక్షరానికి ఒకే రకం గుర్తులు ఉండేలా మార్చి, కనపడని గుర్తుల్ని తీసేసి, ళ్ల ళ్ళ లాంటి జంటల్ని ఒకటి చేసి, ధ, భ లాంటి ఒత్తక్షరాల్ని ద, బ లాంటి మామూలు అక్షరాలుగా మార్చుకోవాలి. వెధవ, వెదవ రెండూ అప్పుడు ఒకటే అవుతాయి.

ఇంత చేసినా నగరంలో సగం తిట్లు తెలుగు లిపిలో రావు. రోమన్ అక్షరాల్లో వస్తాయి. అక్కడ వీ రాయాలా డబ్ల్యూ రాయాలా అన్నదానికి నియమం లేదు. హెచ్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. దీర్ఘానికి ఒక ఏ పెట్టేవాళ్లున్నారు, కోపం ఎంతుంటే అన్ని ఏలు పెట్టేవాళ్లూ ఉన్నారు. అక్షరం బదులు అంకె, మధ్యలో చుక్క, నక్షత్రం. పాతబస్తీ దక్కనీ ఒక వరసలో, అమీర్‌పేట తెలుగు మరో వరసలో, ఇంగ్లిష్ ఇంకో వరసలో, మూడూ ఒకే వాక్యంలో. వరసగా వచ్చిన అక్షరాల్ని ఒకటి చేయడం, డబ్ల్యూని వీగా మార్చడం, హెచ్‌లు తీసేయడం లాంటి నియమాలు కొంత సాయపడతాయి. కానీ ప్రతి నియమంతోనూ అమాయకపు మాటలు మరికొన్ని వలలో పడతాయి. ఈ పందెంలో గెలుపు లేదు. జాబితా మీరు ఎంత పెంచితే అవతలివాడు అంత కొత్తగా రాస్తాడు, పైగా ఆ ఆట అతనికి ఇష్టం.

ఏమన్నాడు కాదు, ఎవరు

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చినవాళ్ల భాషను పరీక్షించడు. ఎవరు మీరు, ఏ ఫ్లాటుకు అని అడుగుతాడు. మెన్షన్ల విషయంలోనూ అవే ప్రశ్నలు తిట్టు మాటల కన్నా బాగా పనిచేస్తాయని నా అభిప్రాయం. ఈ అకౌంటు వయసెంత? నేను దీన్ని ఫాలో అవుతున్నానా, ఎప్పుడైనా జవాబిచ్చానా? ఈ పోస్టులో నాతో పాటు ఎందరిని ట్యాగ్ చేశారు? ఈ గంటలో ఇదే అకౌంటు నన్ను ఎన్నిసార్లు పిలిచింది? ఇదే వాక్యం వేరే అకౌంట్ల నుంచి కూడా వచ్చిందా? వీటిలో ఒక్కటి కూడా తెలుగు వ్యాకరణం అడగదు. రోమన్ లిపిలో రాసినా, బొమ్మ మీద రాసి పెట్టినా జవాబులు మారవు.

వీటికి తలా కొన్ని మార్కులు వేసుకోండి. ఫాలో అయ్యేవాళ్లు, ఇదివరకు మాట్లాడినవాళ్లు పరీక్ష లేకుండా లోపలికి. నెల కూడా నిండని అకౌంటుకు 2, అయిదుగురికి మించి ట్యాగ్ చేస్తే 2, గంటలో మూడోసారి పిలిస్తే 2, అదే వాక్యం మరో రెండు అకౌంట్ల నుంచి వచ్చి ఉంటే 3. తిట్టు మాట దొరికితే 1, అంతకు మించి వద్దు. మొత్తం 4 దాటినా, 4 అయినా నిలిపెయ్యాలి. 2, 3 అయితే సాయంత్రపు మూటలో కట్టాలి. అంతకన్నా తక్కువైతే వెంటనే పంపాలి. ఇప్పుడు కొత్త అకౌంటు తెరిచిన ఎవరో 'చార్మినార్ ముందున్న కేఫ్ పేరేంటి?' అని అడిగారనుకోండి. మాటల జాబితా పొరపాటున దున్నను పట్టుకున్నా మొత్తం 3. సాయంత్రానికి మీ చేతిలో ఉంటుంది. అభిమానుల దండయాత్రలో వచ్చిన కాపీ వాక్యంలో ఒక్క బూతు లేకపోయినా, కొత్త అకౌంటైతే 5, నిలిచిపోతుంది. ఈ అంకెలు శిలాశాసనం కాదు, మీ అకౌంటుకు తగ్గట్టు జరుపుకోవాల్సినవే. మాస్టోడాన్ 2024 అక్టోబరులో తెచ్చిన 4.3 రూపంలో ఇదే ఆలోచనను సెట్టింగుల్లోనే పెట్టింది. ఫాలో కానివాళ్లు, నెలలోపు కొత్త అకౌంట్లు, అడగకుండా వచ్చిన ప్రైవేట్ మెన్షన్లు విడిగా ఒక పెట్టెలోకి వెళతాయి, తీరిగ్గా చూసుకోవచ్చు.

కానీ ఈ పద్ధతికీ ఒక గుడ్డిచోటు ఉంది, అది చిన్నది కాదు. 'నిమ్స్‌లో పేషెంటుకు ప్లేట్‌లెట్స్ అర్జెంటు, బి పాజిటివ్' అంటూ వచ్చే పోస్టు చూడండి. కంగారులో అప్పుడే తెరిచిన అకౌంటు, పదిహేను మందికి ట్యాగులు, అదే వాక్యం బంధువులందరి అకౌంట్ల నుంచి. పై లెక్కన 7 మార్కులు. స్పామ్‌కు ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి. డెంగీ సీజన్‌లో దీన్ని మూటగట్టి పక్కన పడేస్తే స్క్రిప్టు రాసిన పుణ్యం కాస్తా పాపమవుతుంది.

మాటల జాబితాకు సరైన చోటు ఇక్కడ దొరుకుతుంది. తిట్టేవాడు మాట దాస్తాడు, అక్షరాలు మారుస్తాడు, చుక్కలు పెడతాడు. సాయం అడిగేవాడు దాచడు. అవతలివాళ్లకు అర్థం కావాలనే రాస్తాడు, వీలైతే మూడు భాషల్లో రాస్తాడు. కాబట్టి మాటల జాబితాను ఆపడానికి కాక పంపడానికి వాడండి. రక్తం, బ్లడ్, ప్లేట్‌లెట్స్, అంబులెన్స్, తప్పిపోయిన, కరెంటు తీగ, మ్యాన్‌హోల్. వీటిలో ఏది ఉన్నా మార్కులతో పని లేకుండా వెంటనే ఫోన్‌కు రావాలి. నిజాంపేట కాలనీ అకౌంటైతే నిజాంపేట, నిజాంపేట్, బాచుపల్లి, ప్రగతినగర్ కూడా చేర్చుకోండి. ఇక్కడ ఒక తప్పు జరిగితే వచ్చే నష్టం ఒక అక్కర్లేని మెన్షన్ కనబడటమే. అటువైపు తప్పు జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైన చెప్పిన కనపడని గుర్తు ఇక్కడ మరీ ముఖ్యం. 'ప్లేట్‌లెట్స్' మధ్యలో దాన్ని పెట్టి జాబితా రాసుకుని, పాఠాన్ని శుభ్రం చేయకుండా పోల్చితే, పెట్టకుండా రాసిన 'ప్లేట్లెట్స్' అన్న అభ్యర్థన దొరకదు. జాబితానీ, వచ్చిన పాఠాన్నీ రెంటినీ ఒకే రకంగా శుభ్రం చేయాలి.

సరే, ఇదంతా ఏదైనా ఏఐ మోడల్‌కు ఇచ్చి 'ఇది వేధింపా కాదా చెప్పు' అంటే పోదా అని అడిగేవాళ్లుంటారు. సాయంత్రపు మూటను కుదించి చెప్పడానికి వాడొచ్చు. తుది తీర్పు మాత్రం దానికివ్వకండి. ఎందుకు దాచిందో మీరు ఒక లైనులో చెప్పలేని వడపోతను సరిచేయడం కష్టం, పైగా ఎవరో మీకు రాసిన మాటలన్నీ మూడో కంపెనీకి పంపినట్టవుతుంది.

దాచడం, బ్లాక్ చేయడం, అట్టిపెట్టడం

స్క్రిప్టు చేతికి బ్లాక్ బటన్ ఇవ్వాలా? వద్దంటాను. మ్యూట్ చేస్తే అవతలివాళ్లకు తెలియదు, బ్లాక్ చేస్తే తెలుస్తుంది. అభిమాన యుద్ధాల్లో 'నన్ను బ్లాక్ చేశారు' అన్న స్క్రీన్‌షాట్ ఒక పతకం. 2024 నవంబరు నుంచి ఎక్స్‌లో బ్లాక్ చేసినవాళ్లు కూడా పబ్లిక్ పోస్టులు చూడగలుగుతున్నారు కాబట్టి దాని విలువ ఇంకా తగ్గింది. యంత్రంతో మూకుమ్మడిగా బ్లాక్ చేయించిన చరిత్ర కూడా ఉంది. 2014లో అమెరికాలో, వీడియోగేమ్‌ల లోకంలోని మహిళల మీద ఆన్‌లైన్ వేధింపుగా మారిన గేమర్‌గేట్ గొడవప్పుడు ర్యాండీ హార్పర్ అనే ఇంజనీరు గుడ్ గేమ్ ఆటో బ్లాకర్ అని పెర్ల్ భాషలో ఒక స్క్రిప్టు రాశారు. గొడవకు కేంద్రమైన కొన్ని అకౌంట్లలో ఒకటికి మించి ఫాలో అయ్యేవాళ్లందర్నీ అది జాబితాకెక్కించింది. దాడికి గురవుతున్నవాళ్లకు ఊపిరి తీసుకునే వీలు దొరికింది, నిజమే. కానీ వార్తల కోసమో కుతూహలంతోనో ఫాలో అయినవాళ్లు కూడా అందులో చేరిపోయారు. మీ ఒక్కరి తెరమీద పొరపాటు మీ ఒక్కరిదే. జాబితాను నలుగురికీ పంచితే అది వేరేవాళ్ల పరువుకు సంబంధించిన సంగతి. మీ జాబితా మీ దగ్గరే ఉంచుకోండి.

అసలైన బెదిరింపుల సంగతి పూర్తిగా వేరు. వాటిని దాచొచ్చు కానీ చెరపకూడదు. పోస్టు లింకు, సమయం, పూర్తి పాఠం, అకౌంటు లోపలి ఐడీ, ఇవి భద్రంగా రాసిపెట్టుకునేలా స్క్రిప్టులో ఏర్పాటుండాలి. హ్యాండిల్ మార్చుకోవడం నిమిషం పని, లోపలి ఐడీ మారదు. బ్లాక్, మ్యూట్ జాబితాల్లోనూ హ్యాండిల్ బదులు ఐడీనే దాచుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, మహిళ వద్దంటున్నా పదేపదే సంప్రదించడానికి ప్రయత్నించడం, ఆమె ఇంటర్నెట్ వాడకాన్ని వెంటాడి గమనించడం వెంబడించడం కిందకే వస్తాయి. హైదరాబాద్‌లో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. కోర్టు దాకా వెళితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం అడుగుతారు, కనుక కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఈ బెదిరింపుల పెట్టెను మీరే రోజూ తెరిచి చదవాల్సిన పని లేదు. నమ్మకమైన స్నేహితురాలికో అన్నయ్యకో వెళ్లేలా పెట్టండి. మీకు చెప్పాల్సింది ఉంటే వాళ్లే చెబుతారు.

నడిపించడం

ఖరీదైన సర్వర్ అక్కర్లేదు. మూలన పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్లో స్క్రిప్టులు నడిపే టెర్మక్స్ యాప్ వేసి, చార్జర్‌కు తగిలించి, వైఫైలో ఉంచితే చాలు. కరెంటు పోయినా బ్యాటరీ ఉంటుంది, ఆ రకంగా అది డెస్క్‌టాప్ కన్నా నయం. కాకపోతే బ్యాటరీ పొదుపు పేరుతో ఆండ్రాయిడ్ దాన్ని నిద్రపుచ్చకుండా సెట్టింగుల్లో మినహాయింపు ఇవ్వాలి. ఎక్కడివరకు చదివామో గుర్తుపెట్టుకునే ఐడీని ఒక ఫైల్లో రాసుకోవాలి. అదీ మెన్షన్‌ను పూర్తిగా పరిష్కరించాకే రాయాలి. ముందే రాసేస్తే, మధ్యలో స్క్రిప్టు పడిపోయినప్పుడు కొన్ని మెన్షన్లు ఎటూ కాకుండా పోతాయి. మొదటి వారం రోజులు దాచే పనులేవీ చేయించకుండా 'ఇది దాచేవాణ్ణి' అని మాత్రం రాయించి చూడండి. మీ మార్కులు ఎక్కడ బెడిసికొడుతున్నాయో ఆ చిట్టాయే చెబుతుంది.

టోకెన్‌ను కోడ్‌లో రాయకండి, కోడ్ బయట విలువల్ని దాచే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి. నలుగురూ కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో పొరపాటున టోకెన్ పెట్టేస్తే దాన్ని వెతికి పట్టుకునే బాట్లు తిరుగుతూ ఉంటాయి. టోకెన్‌కు నోటిఫికేషన్ల అనుమతి తప్ప పోస్టులు వేసే అనుమతి ఇవ్వకండి. స్క్రిప్టు వాడటం మానేసిన రోజున సైటు సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని రద్దు చేయండి. నిలిపేసిన మెన్షన్ల పెట్టెను నెలకోసారి ఖాళీ చేసే లైను ఒకటి రాసుకోండి, వేరేవాళ్ల మాటల్ని ఏళ్ల తరబడి పోగేసుకోవడం ఎందుకు. బెదిరింపుల పెట్టెకు మాత్రం ఆ లైను తగలకుండా చూసుకోండి.